అడ్డపొగ, అంగిలి రాచపుండు: విశాఖతీరమున ఒక పరిశోధన కథ

నాలుక కొనను పై పండ్ల వెనుక ఆనించి మెల్లగా వెనుకకు నడిపి చూడుడు. మొదట గరుకుగా, గట్టిగా తగులు భాగము గట్టి అంగిలి. దాని వెనుక మెత్తగా జారునది మెత్తని అంగిలి. దాని కొసననే కొండనాలుక వ్రేలాడుచుండును. గట్టి అంగిలిమీద ఉన్నది పలుచని పొర. ఆ పొరపైన వెంటనే ఎముక. వెనుకభాగపు పొరలో అతి చిన్న లాలాజల గ్రంథులు వందలకొలది ఉన్నవి. వాని నాళములు సూదిమొన వంటి రంధ్రములతో నోటిలోనికి తెరచుకొనును. ఈ రంధ్రములను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను; కథలో అవి మరల వచ్చును.

నోటి రాచపుండును, అనగా నోటి కేన్సరును, వైద్యులు పుట్టినచోటును బట్టి లెక్కవేయుదురు. నాలుక, పెదవి, బుగ్గ, చిగురు, నాలుక క్రింది నేల ఇట్లు పట్టిక సాగును. ప్రపంచములో పెక్కుదేశముల పట్టికలలో గట్టి అంగిలి దాదాపు చివర నుండును. విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల ఆసుపత్రులలో మాత్రము అది ముందు వరుసకు వచ్చినది. అంతకంటె వింత, రోగులలో స్త్రీలు ఎక్కువ. పొగత్రాగుటవలన వచ్చు రోగములు తక్కిన దేశమంతట మగవారిని పట్టుచుండగా, ఈ తీరమున ఆడువారిని ఏల పట్టినవి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు వైద్యులకు ముప్పది ఏండ్లకు పైగా పట్టినది. సమాధానము పల్లెలోని ప్రతి అరుగుమీదను కూర్చుండియే ఉన్నది.

ఉత్తర కోస్తావారికి అడ్డపొగ అన నేమో చెప్పనక్కరలేదు. తక్కిన జిల్లాల విద్యార్థులకు చెప్పవలెను. ఎండబెట్టి పదనుచేసిన పొగాకును చేతితో చుట్టి, ఒక్కొక్కప్పుడు దారముతో కట్టిన దానిని చుట్ట అందుము. దానిని ఇంటిలోనే చుట్టుకొందురు, లేదా సంతలో కొందురు. అందరివలె ఒక కొనను వెలిగించి, రెండవ కొనను నోటిలో ఉంచుకొని పీల్చుట ఒక పద్ధతి. వెలిగించిన తరువాత నిప్పుకొనను నోటిలోనికి త్రిప్పి, పెదవులు మూసి పీల్చుట రెండవ పద్ధతి. ఇదియే అడ్డపొగ. గాలి బయటి కొననుండి చుట్టగుండా లోనికి పోవును. పొగ నోటిలోననే నిండును. బూడిదను కొందరు ఉమియుదురు, కొందరు మ్రింగుదురు. పెదవుల తడికి చుట్ట పైయాకు నానిపోవుటచే అది నెమ్మదిగా కాలును. మామూలుగా కొద్ది నిమిషములలో ముగియవలసిన చుట్ట అడ్డపొగలో పదునెనిమిది నిమిషముల వరకు నిలుచును. అందుచే రోజుకు ఒకటి రెండు చుట్టలే చాలును.

నోరు కాలదా అని చదువరులు అడుగుదురు. ఈ వ్యాసకర్త చిన్ననాట భీమునిపట్టణము దాపు పల్లెలో పొరుగింటి ముసలమ్మను ఇదే ప్రశ్న అడిగినాడు. ఆమె ఒడిలో మనుమడు పండుకొని యుండెను. ఆమె చేతులు చాటలోని చింతపిక్కలమీద ఉండెను. "కాల్దు బాబూ. గాలికారదు, సంటోడి మీద నుసి పడదు, సేతులు కాలీగుంటాయి" అని చుట్ట తీయకుండగనే చెప్పినది. ఆ మూడు ముక్కలలో అలవాటు పుట్టుకకు మూడు కారణములున్నవి. సముద్రపు గాలిలో పడవమీద నిలిచి చుట్ట కాల్చువానికి నిప్పు ఆరకుండుట ముఖ్యము. బిడ్డనెత్తుకొని పనిచేయు తల్లికి నిప్పురవ్వ పడకుండుట ముఖ్యము. కూలిపని, ఇంటిపని చేయువారికి చేతులు ఖాళీగా నుండుట ముఖ్యము. తల్లినుండి కూతురు, అత్తనుండి కోడలు దీనిని నేర్చుకొనిరి. ఇది మన తీరమునకే ప్రత్యేకమని అనుకొనరాదు. గోవాలోను, ఫిలిప్పైను దీవులలోను, ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపములోను, దక్షిణ అమెరికాలోని కొలంబియా తీరములోను ఈ పద్ధతి కలదు. అచ్చటను త్రాగువారిలో స్త్రీలే ఎక్కువ.

కాని "కాల్దు" అనుట మాత్రము నిజము కాదు. అడ్డపొగ త్రాగునప్పుడు నోటిలోని గాలి వేడిమి సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోగలదనియు, అంగిలిపొర వేడిమి 58 డిగ్రీల వరకు పెరుగగలదనియు పరిశోధకులు కొలిచి చెప్పిరి. అలవాటుపడిన నాలుక నిప్పును తప్పించుకొనుట నేర్చుకొనును. లాలాజలము కొంత చల్లార్చును. అంగిలి ఎక్కడికి పోగలదు? అది ఎముకకు అంటుకొని, నిప్పుకు ఎదురుగా, పైకప్పువలె నిలిచియుండును.

ఇక పరిశోధన చరిత్ర. విశాఖపట్టణమున వైద్యకళాశాల 1923 లో ఆరంభమైనది; కింగ్ జార్జి ఆసుపత్రియు ఆ సంవత్సరముననే తెరవబడినది. 1933 లో ఓడరేవు తెరచుకొన్నది. ఆసుపత్రి, రైలు, రేవు చేరువ కాగా, అంతవరకు పల్లెలోనే కనుమూయు రోగులు పట్టణమునకు రాసాగిరి. వారి నోళ్ళు తెరచి చూచిన శస్త్రవైద్యులకు అంగిలిమీద పుండ్లు కానవచ్చినవి. 1937 లో ఎం. జి. కిని, కె. వి. సుబ్బారావు అనువారు ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో కేన్సరు సమస్యనుగురించి వ్రాసిన వ్యాసము ఈ చరిత్రలో మొదటి మెట్టుగా పేర్కొనబడుచున్నది. అప్పటికి శ్రీకాకుళము వేరు జిల్లా కాదు. అది 1950 ఆగస్టు 15 న ఏర్పడినది. కాబట్టి పాత వ్యాసములలో విశాఖపట్టణము జిల్లా అని కనబడినచోట నేటి శ్రీకాకుళమునుగూడ కలుపుకొని చదువవలెను. చరిత్ర బోధించు ఉపాధ్యాయులకు ఇది పరిచితమైన చిక్కే. పటము మారినపుడు లెక్కలును మారును.

రెండవ మెట్టు బొంబాయిలో. టాటా స్మారక ఆసుపత్రి 1941 లో తెరవబడినది. అచ్చటి ప్రయోగశాలలో వి. ఆర్. ఖానోల్కరు దేశము నలుమూలలనుండి వచ్చిన రోగుల కంతులను సూక్ష్మదర్శినిలో పరీక్షించుచు, ప్రతి రోగిని ఊరు, భాష, తిండి, కట్టు, అలవాటు అడిగి వ్రాసికొనుచుండెను. 1945 లో ఆయనయు, సూర్యాబాయియు కలిసి, ఆచారములతో సంబంధముగల మూడు కొత్తరకముల కేన్సరులు భారతదేశములో ఉన్నవని ప్రకటించిరి. ఒకటి నడుమునకు బిగించి కట్టు ధోవతి ఒరపిడిచే వచ్చు చర్మపు కేన్సరు. ఒకటి బీహారు ప్రాంతమున పెదవి లోపల సున్నముతో పొగాకు దాచుకొనువారికి వచ్చునది. మూడవది తెలుగుతీరపు చుట్టవలన అంగిలికి వచ్చునది. మన పల్లెలోని అరుగుమీది అలవాటు అమెరికాలో అచ్చైన వైద్యపత్రిక కెక్కినది ఇట్లే.

ఒక వృత్తికో, ఒక అలవాటుకో ఒక కేన్సరు తోడుగా నుండునను ఊహ అప్పటికే పాతది. 1775 లో లండనునగర శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్, పొగగొట్టములు ఊడ్చు పిల్లవాండ్రకు పెద్దైన పిదప వృషణకోశపు చర్మమున కేన్సరు వచ్చుటను గుర్తించి, దానికి మసి కారణమని వ్రాసెను. 1866 లో కాశ్మీరమున ఎల్మ్‌స్లీ అను వైద్యుడు, చలికి కడుపునకు ఆనించుకొను కాంగ్డీ నిప్పుకుండ తగులుచోట కేన్సరు వచ్చుటను వర్ణించెను. 1933 లో ఆర్ అను వైద్యుడు తిరువాన్కూరులో తాంబూలము నమలువారి నోటికేన్సరును గురించి వ్రాసెను. కాంగ్డీకిని అడ్డపొగకును గల పోలిక స్పష్టము. రెండింటను నిప్పు ఒకేచోట ఏండ్ల తరబడి తగులును. కాని అడ్డపొగలో నిప్పుతోబాటు పొగాకు తారును కలదు. రెంటిలో దోషి ఏది?

ఇక్కడ కొంచెము పక్కకు మరలి మరియొక కేన్సరును చూచుట మంచిది. మగవారికి మూత్రాశయము క్రింద, మూత్రనాళమును చుట్టుకొని పౌరుషగ్రంథి యున్నది. పాశ్చాత్యదేశములలో వృద్ధులకు ఈ గ్రంథి కేన్సరు విరివిగా వచ్చును. 1941 లో షికాగోలో ఛార్లెస్ హగ్గిన్సు, క్లారెన్సు హాడ్జెసు అనువారు, వ్యాధి ముదిరి ఎముకలకు ప్రాకిన రోగులకు వృషణములు తొలగించియు, స్త్రీహార్మోను వంటి మందు ఇచ్చియు చూచిరి. నొప్పులు తగ్గినవి. రక్తములో పెరిగియుండిన ఒక ఎన్‌జైము పాలు తగ్గినది. పురుషహార్మోనును ఆపివేసిన ఆ కేన్సరు కణములు చిక్కిపోవునని అట్లు తేలినది. హగ్గిన్సుకు 1966 లో నోబెల్ బహుమానము లభించినది. కొంతకాలమునకు కణములు ఆ హార్మోను లేకయే పెరుగుట నేర్చుకొనుట నేటికిని వైద్యులను వేధించు చిక్కు. ఇక్కడ గమనింపదగిన దేమన, పౌరుషగ్రంథి కేన్సరును పెంచునది ఏదో తెలిసినది. కాని మొట్టమొదట దానిని పుట్టించునది ఏమని అడిగినచో వయస్సు, వంశము అను రెండు మాటలకు మించి గట్టిగా చెప్పుట కష్టము. అంగిలి కేన్సరు సంగతి దీనికి తలక్రిందులు. లోపలి కణములలో జరుగునది తెలియకమునుపే పుట్టించునది కంటికెదుట కనబడినది. ఒకదానికి మందు ముందు దొరికినది, రెండవదానికి కారణము ముందు దొరికినది.

కారణము కనబడుట వేరు, ఋజువగుట వేరు. 1915 లో జపానుదేశమున యమగివా, ఇచికావా అను ఇద్దరు కుందేళ్ళ చెవులకు నెలల తరబడి తారు పూసి కేన్సరు పుట్టించిరి. ప్రయోగశాలలో కేన్సరును చేతనే కల్పింపవచ్చునని అప్పుడు తేలినది. మన తీరపు ప్రశ్నకు ఈ మార్గమునే పట్టినవారు తెలుగుదేశపు వ్యాధివిజ్ఞానులు. 1957 లో డి. జి. రెడ్డి, వి. కె. రావు అనువారు, కోస్తా ఆంధ్రమున నిప్పుకొనను నోటిలోనుంచి చుట్టకాల్చుటవలన వచ్చు అంగిలి కేన్సరును గురించి వ్యాసము ప్రకటించిరి. 1960 లో డి. జి. రెడ్డి, ఆయన సహకారులు పొగాకు తారును, వేడిమిని కలిపి జంతువులమీద ప్రయోగించి కేన్సరు కల్పించిన సంగతిని అమెరికాలోని కేన్సర్ అను పత్రికలో వెల్లడించిరి. నిప్పా, తారా అను ప్రశ్నకు "రెండును" అను జవాబు ఇట్లు బలపడినది. తారులోని ద్రవ్యములు కణముల స్వభావమును మార్చును. వేడిమి పొరను మాటిమాటికి గాయపరచును. గాయము మానుటకై కణములు మాటిమాటికి విభజన చెందవలసివచ్చును. విభజన ఎక్కువైనకొలది పొరపాటునకు అవకాశము ఎక్కువ. ఈ చివరి మాట నేటి జీవశాస్త్రము చెప్పు వివరణ. 1960 నాటివారు దానిని ఇంత స్పష్టముగా చెప్పగలిగి యుండరు.

పిమ్మట ఆంధ్రవైద్యకళాశాల వ్యాధివిజ్ఞాన శాఖలో సి. ఆర్. ఆర్. ఎం. రెడ్డి, రాములు మొదలగువారు సూక్ష్మదర్శినితో అంగిలిపొరనే పరిశీలించిరి. 1971 మొదలు కొన్నేండ్లపాటు వారి వ్యాసములు విదేశీ పత్రికలలో వరుసగా వెలువడినవి. వారు చూచినది కేన్సరును మాత్రమే కాదు, కేన్సరుకు ముందు దశను. అడ్డపొగ త్రాగువారి అంగిలి మొదట తెల్లబారి మందమగును. ఆ తెల్లదనములో అక్కడక్కడ ఎఱ్ఱని చుక్కలు, చిన్న పొక్కుల నడుమ, కానవచ్చును. ఆ చుక్కలు మొదట జ్ఞాపకముంచుకొనుమన్న గ్రంథినాళముల ద్వారములే. పైపొర మందమై ద్వారములను బిగించును. నాళముల లోపలి పొరగూడ స్వభావము మార్చుకొనును. అనగా పొగ తాకిడి పైకప్పుతో ఆగక, రంధ్రములద్వారా లోపలికి దిగుచున్నది. కొన్ని అంగిళ్ళలో రంగు పోయిన మచ్చలు, ఎఱ్ఱబారిన చోట్లు, ఒరసిన పుండ్లు గలవు. ఈ ఎఱ్ఱబారిన చోట్లను వైద్యులు తెల్లమచ్చలకంటె ఎక్కువ అనుమానముతో చూతురు.

ఆసుపత్రికి వచ్చినవారిని చూచి ఊరంతటి సంగతి చెప్పరాదు. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థులు గూడ గ్రహింపదగిన సూత్రము. ఆసుపత్రికి రోగియే వచ్చును, రోగములేనివాడు రాడు. పుండు ఉన్న పదిమందియు అడ్డపొగ త్రాగినవారైనచో, ఊరిలో అందరును త్రాగుచున్నారేమో అని అడుగువారికి ఏమి చెప్పవలెను? ఊరికి పోయి లెక్కింపవలసినదే. ఆ పనికి పూనుకొన్నది బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ. భౌతికశాస్త్రమునకు, గణితమునకు పేరుపడిన ఆ సంస్థలో దంత పరిశోధనకు ఒక విభాగముండుట వింతగా తోచవచ్చును గాని నిజము. ఫలీ మెహతా ఆ విభాగమునకు నాయకుడు. డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హేగనునుండి వచ్చిన నోటివ్యాధుల పండితుడు పింట్‌బోర్గు ఆయనకు సహకారి. వారి బృందము గుజరాతులో భావనగరము, కేరళలో ఎర్నాకుళము, బీహారులో దర్భంగా, సింగభూమి, ఆంధ్రప్రదేశములో శ్రీకాకుళము జిల్లాలను ఎన్నుకొని, ఇంటింటికి పోయి, మొత్తము 50,915 మంది పల్లెవాసుల నోళ్ళను పరీక్షించినది. ఆ ఫలితములు 1969 లో వెలువడినవి.

శ్రీకాకుళము లెక్క ప్రత్యేకముగా 1971 లో బ్రిటిష్ కేన్సరు పత్రికలో ప్రకటింపబడినది. పరీక్షింపబడినవారు 10,169 మంది. వారిలో నూటికి 43.8 మంది అడ్డపొగ త్రాగువారు. ఈ సంఖ్యను ఒక్క నిమిషము నిలిచి చూడవలెను. సుమారు 4,450 మంది! ఇది ఏదో మూలనున్న వింత అలవాటు కాదు. ఊరిలో దాదాపు సగము. అంగిలి మార్పులు దాదాపు అన్నియు ఈ సగములోనే కనబడినవి. అడ్డపొగ త్రాగనివారి అంగిళ్ళు నున్నగా నుండినవి. ఎదుటివాని వాదమునకు జవాబు దొరికినది.

అయితే అంతమంది త్రాగువారిలో కేన్సరుతో దొరికినవారు అతికొద్దిమంది. విద్యార్థులు ఇచ్చట సాధారణముగా తొట్రుపడుదురు. "మా నాయనమ్మ డెబ్బది ఏండ్లు త్రాగినది, ఏమియు కాలేదు" అను పల్లె వాదమునకు బలము ఇదే. ఒకనాడు ఊరికి పోయి చూచిన లెక్కకును, ఏడేడు జరుగు లెక్కకును భేదమున్నది. వ్యాధి వచ్చినవారు ఎక్కువకాలము జీవింపరు. కాబట్టి ఏ ఒక్కనాడు చూచినను వారు కొద్దిమందియే కనబడుదురు. బడిలో ఒక తరగతిని ఒకనాడు చూచి ఏడాదికి ఎంతమంది బడి మానిరో చెప్పజాలము గదా. అందుకే ఆ బృందము అంతటితో ఆగక, అవే ఊళ్ళకు పదియేండ్లు మరల మరల పోయి, ఎవరి నోటిలో ఏమి మారెనో వ్రాసికొన్నది. కొత్తగా కేన్సరు వచ్చినవారిలో దాదాపు అందరి నోళ్ళలోను అంతకుముందే మచ్చలో, మార్పులో ఉండినవని అట్టి పరిశీలనలవలననే తేలినది.

మచ్చ ముందు, పుండు తరువాత అని తెలిసిన పిమ్మట తరువాతి ప్రశ్న సహజమే: చుట్ట మానిన మచ్చ పోవునా? ఎర్నాకుళము, భావనగరము, శ్రీకాకుళము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడువారిని ఎన్నుకొని, ఏటేట నోరు పరీక్షించుచు, మనిషి మనిషికి నచ్చజెప్పుచు, చలనచిత్రములు, గోడపత్రికలు, రేడియో మొదలగు సాధనములతో ప్రచారము జరిపిరి. అంతకుముందు పదియేండ్లు ఊరక పరిశీలింపబడినవారితో వీరిని పోల్చిరి. అయిదేండ్ల ఫలితములను 1986 లో లాన్సెట్ పత్రిక ప్రకటించినది. ప్రచారము జరిగిన వర్గములో అలవాటు మానినవారు, తగ్గించినవారు ఎక్కువ. కొత్తగా మచ్చలు వచ్చుట తక్కువ. ప్రపంచములో నోటి కేన్సరు నివారణకు సంబంధించిన తొలి పెద్ద ప్రయోగములలో ఇది ఒకటి. అందులో మూడవవంతు తెలుగు పల్లెవాసుల నోళ్ళు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో ఏల లేదో నాకు తెలియదు.

చికిత్సను గురించి కొద్దిగా చెప్పెదను. పుండు చిన్నదైనపుడు కోసి తీసివేయుదురు, లేదా కిరణచికిత్స చేయుదురు. ముదిరినపుడు ఎముకతోసహా అంగిలిని తీయవలసివచ్చును. అంగిలి పోయిన నోటికిని ముక్కునకును నడుమ గోడ ఉండదు. గంజి త్రాగిన ముక్కునుండి వచ్చును. మాట ముక్కులోనికి పోయి ఎదుటివానికి అర్థము కాదు. దంతవైద్యులు ఆ రంధ్రమునకు సరిపోవునట్లు ఒక పలకను తయారుచేసి తొడుగుదురు. పలక తొడిగిన తరువాత తన పేరును మరల తానే స్పష్టముగా పలికి వినుట రోగికి ఎంతటి సంగతియో, మాట కోల్పోనివారు ఊహింపలేరు.

విశాఖ నేడు ఓడరేవు నగరము మాత్రమే కాదు. 1971 లో శంకుస్థాపన జరిగి 1992 లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము గల నగరము. ఆ కర్మాగారము చేరువ అగనంపూడిలో టాటా స్మారక కేంద్రమునకు చెందిన కేన్సరు ఆసుపత్రి కలదు. దానికి హోమీ భాభా పేరు పెట్టిరి. శ్రీకాకుళమునకు దంతవైద్యులను పంపి ఇంటింట నోళ్ళు చూపించిన టాటా మౌలిక పరిశోధన సంస్థకు స్థాపకుడు ఆయనయే.

అడ్డపొగ తగ్గినది, పోలేదు. తీరపు పల్లెలలో వయసు మళ్ళిన స్త్రీలలో నేటికిని కనబడుచున్నది. 2003 లో పొగాకు చట్టము వచ్చినది. 2009 నుండి పెట్టెలమీద భయపెట్టు బొమ్మలు అచ్చగుచున్నవి. సంతలో కట్టగా అమ్ము చుట్టకు, ఇంటిలో చుట్టుకొను చుట్టకు పెట్టె యేది, బొమ్మ అచ్చువేయుటకు? ఈ వ్యాసము చదువు ఉపాధ్యాయుడు భీమిలిలోనో, కళింగపట్టణములోనో, భావనపాడులోనో పనిచేయుచున్నచో, ఆయన తరగతిలోని పిల్లలలో కొందరి ఇంట చుట్ట త్రాగు నాయనమ్మ ఉండవచ్చును. ఆమెను పగటివెలుతురులో నోరు బాగుగా తెరచి తల వెనుకకు వంచుమన్నచో, తెల్లని అంగిలిమీద ఎఱ్ఱని చుక్కలు ఉన్నవో లేవో పదియేండ్ల పిల్లయు చూడగలదు.